మచల ఊరి యువకులు: సంఘాన్ని కాపాడుకోవడం గురించి ఒక పాఠం



యువజన సంఘం అంటే మన ఊళ్ళల్లో ఎవరికీ కొత్త కాదు. బోర్డు ఉంటుంది, జెండా దిమ్మె ఉంటుంది. ఏప్రిల్ 14న దండలు వేస్తాం, మైకులో పాటలు పెడతాం, మజ్జిగ పంచుతాం. ఆ తర్వాత మళ్ళీ ఏప్రిల్ వచ్చేదాకా ఆ బోర్డు నీడన మేకలు పడుకుంటాయి. ఎందుకిలా అవుతోంది? ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు, సెల్‌ఫోన్ చెడగొట్టింది అని పెద్దవాళ్ళు తేలిగ్గా తేల్చేస్తారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. పని చేద్దామని ముందుకొచ్చే పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వరదొస్తే ఎవరూ పిలవకుండానే వస్తారు. ఆస్పత్రిలో ఎవరికో రక్తం కావాలంటే అర్ధరాత్రి బండి తీస్తారు. అలా వచ్చినవాళ్ళు నిలబడేలా సంఘాన్ని కాపాడుకోవడమే మనకు చేతకావడం లేదు. ఈ పాఠం దాని గురించే.

ముందు ఒక మాట సరిచూసుకుందాం. ఆంధ్రలో 2019 తర్వాత 'వాలంటీర్' అంటే ప్రభుత్వం నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చి పెట్టుకున్న మనిషి అనే అర్థం జనం నోట్లో స్థిరపడిపోయింది. ఆ పథకం మంచిచెడ్డలు మనకిక్కడ అవసరం లేదు. ఈ పాఠంలో స్వచ్ఛంద సేవకులు అంటే ఎవరూ నియమించకుండానే, జీతం లేకుండానే, ఊరి పనిని తమ పనిగా చేసే అమ్మాయిలు, అబ్బాయిలు. వాళ్ళ మీద అధికారి ఉండడు కాబట్టి ఒకరికొకరు జవాబుదారీగా ఉండాలి. అలాంటివాళ్ళు కూడి నడుపుకునే యువజన సంఘాలు, మహిళా సంఘాలు, గ్రంథాలయ కమిటీలు, ధమ్మ మండళ్ళు, వీటన్నిటినీ కలిపి పౌర సమాజం అంటున్నాం. ఇంటి గడపకీ ప్రభుత్వాఫీసు గుమ్మానికీ మధ్య ఉన్న చోటు అది.

ఆ చోటును గురించి మన సాహిత్యంలో రెండు కథలున్నాయి. ఒకటి జాతకాల్లోది, ఇంకొకటి మహాపరినిబ్బాన సుత్తానికీ దాని అట్ఠకథకీ చెందినది. మొదటిదాంట్లో దెబ్బ బయటినుంచి పడుతుంది. రెండోదాంట్లో లోపలినుంచి.

కాలితో దుమ్ము తోసినవాడు

జాతక కథలు 547. వాటిలో 31వది కులావక జాతకం. మగధ దేశంలో మచల అనే ఊరు. ముప్పై ఇళ్ళ ఊరు. ఒకరోజు ఆ ముప్పై ఇళ్ళ మగవాళ్ళూ ఏదో ఊరి పని మీద నడి ఊళ్ళో నిలబడ్డారు. వాళ్ళల్లో మఘుడనే యువకుడు తను నిలబడ్డ చోట కాలితో దుమ్ము పక్కకు తోసి, శుభ్రం చేసుకుని నిలబడ్డాడు. ఇంకొకడొచ్చి అతన్ని జరిపి ఆ చోట తను నిలబడ్డాడు. మఘుడు ఏమీ అనలేదు. ఇంకొంచెం పక్కకెళ్ళి అక్కడ దుమ్ము తోసుకున్నాడు. అక్కడికీ ఒకడొచ్చాడు. మళ్ళీ జరిగాడు, మళ్ళీ తోశాడు. అలా అలా అందరూ నిలబడ్డ చోటు శుభ్రమైపోయింది. తర్వాత అక్కడ ఒక పందిరి వేశాడు. కొన్నాళ్ళకు పందిరి తీసేసి చావడి కట్టాడు. కూర్చోడానికి బల్లలు వేయించి, తాగడానికి నీళ్ళ కుండ పెట్టాడు.

ఇక్కడ కాసేపు ఆగండి. మీ సంఘంలో ఆఖరిసారి జరిగిన గొడవ గుర్తు తెచ్చుకోండి. పని ఎవరు చెయ్యాలి అని జరిగిందా, చేసిన పని ఎవరి పేరు మీద ఉండాలి అని జరిగిందా? నేను చూసినంతలో పది గొడవల్లో తొమ్మిది రెండో రకమే. ఫ్లెక్సీలో ఎవరి ఫొటో పెద్దది, మైకు ముందు ఎవరికిచ్చారు, పేపర్లో ఎవరి పేరు రాలేదు. మఘుడి దగ్గర శుభ్రమైన చోటు ఒకడు లాక్కున్నాడు. అతను దాన్ని నష్టంగా లెక్కెయ్యలేదు. ఇంకో మూరెడు నేల శుభ్రమైంది, అంతే. దానం అంటే డబ్బులివ్వడం అనుకుంటాం గానీ, చేసిన పని మీది పేరును వదులుకోవడం చాలా కష్టమైన దానం. యువకులకు మరీ కష్టం. ఆ వయసులో పేరు కావాలనిపించడం తప్పేమీ కాదు. ఆ పేరు సంఘానికి రావాలి అన్న అలవాటు చేస్తే చాలు.

మఘుడు అలా చేస్తూ ఉండగా మిగతావాళ్ళూ అతనితో కలిశారు. ముప్పై మందీ పంచశీల పాటించారు. తెల్లవారకముందే లేచి, గొడ్డళ్ళూ దుడ్డుకర్రలూ పట్టుకుని బయల్దేరేవాళ్ళు. బాటల కూడళ్ళలో అడ్డంగా ఉన్న బండరాళ్ళు దొర్లించేవాళ్ళు. బండి ఇరుసులకు తగిలే చెట్లు కొట్టేసేవాళ్ళు. ఎగుడుదిగుడు నేల చదును చేశారు, కాలవల మీద వంతెనలు వేశారు, చెరువులు తవ్వారు. కథలో ఈ పనుల జాబితా చాలా వివరంగా ఉంటుంది. ఇరుసుకు తగిలే చెట్టు! బండి తోలినవాడికే తెలిసే బాధ అది. ఊరి అవసరం ఏమిటో ఊళ్ళో నడిచి తెలుసుకున్నారు తప్ప పైనుంచి ఎవరో ఇచ్చిన కార్యక్రమం చెయ్యలేదని ఆ ఒక్క ముక్కతో అర్థమవుతుంది.

ఇది ఎప్పటిదో పాత కథ అనుకోకండి. 1958లో శ్రీలంకలో, కొలంబో నలంద కళాశాలలో ఎ.టి. అరియరత్న అనే యువ ఉపాధ్యాయుడు తన విద్యార్థుల్ని వెంటబెట్టుకుని కనతోలువ అనే ఊరికి వెళ్ళాడు. అక్కడుండేది సింహళ సమాజం అంటరానివాళ్ళుగా దూరం పెట్టిన జనం. కొలంబో పిల్లలు వాళ్ళతో కలిసి ఉండి, కలిసి తిని, చెమటోడ్చి పని చేశారు. సర్వోదయ శ్రమదాన ఉద్యమానికి పునాది అదే. తర్వాత అది వేల ఊళ్ళకు పాకింది. శ్రమదానం అనే మాటలోనే ధమ్మం ఉంది. ఇవ్వడానికి డబ్బు లేనివాడికి కూడా రెండు చేతులుంటాయి. ఇక బౌద్ధ దేశంలో అంటరానితనం ఏమిటి అని మీకు అనుమానం రావచ్చు. న్యాయమైన అనుమానమే. బోధివృక్షం కొమ్మ నాటినంత మాత్రాన కులం పోదని ఆ దేశం మనకు చూపిస్తోంది. అందుకే అరియరత్న మొదటి శిబిరానికి ఆ ఊరిని ఎంచుకోవడం గొప్ప విషయం.

ఊరిపెద్దకు వచ్చిన నష్టం

మళ్ళీ మచలకు వద్దాం. ముప్పై మంది యువకులు తాగడం మానేశారు, కొట్టుకోవడం మానేశారు, రోడ్లు బాగు చేస్తున్నారు. ఊరంతా సంతోషించాలి కదా? ఒక్క మనిషికి మాత్రం కడుపు మండింది. అతను ఊరిపెద్ద. పాళీలో గామభోజకుడంటారు. అతని లెక్క చాలా సూటిగా ఉంది. వీళ్ళు తాగినప్పుడు కల్లు మీద తనకు డబ్బొచ్చేది. తాగి తలలు పగలగొట్టుకుంటే జరిమానాల మీద డబ్బొచ్చేది. ఇప్పుడు రెండూ ఆగిపోయాయి. అతను రాజు దగ్గరకు పోయి, మా ఊరి చుట్టూ దొంగల ముఠా తిరుగుతోంది, చేతుల్లో గొడ్డళ్ళున్నాయి అని ఫిర్యాదు చేశాడు. చూడండి, గొడ్డళ్ళున్న మాట నిజమే! మంచి అబద్ధంలో ఎప్పుడూ ఒక నిజం ముక్క ఉంటుంది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే. మంచి పని చేస్తే అందరూ మెచ్చుకుంటారనే అమాయకత్వంతో పిల్లలు సంఘంలోకి వస్తారు. మొదటి నింద పడగానే విరిగిపోతారు. వాళ్ళకు ముందే చెప్పాలి: బాబూ, అమ్మా, మీరు ఉచితంగా చేసే పని ఎవరో ఒకరి ఆదాయానికి అడ్డం పడుతుంది. సాయంత్రం బడి పెడితే పిల్లల్ని కూలికి పిలిచేవాడికి నష్టం. గ్రామసభలో లెక్కలడిగితే కాంట్రాక్టరుకు నష్టం. తాగుడు మాన్పిస్తే బెల్టు షాపువాడికి నష్టం. నష్టపోయినవాడు ఊరుకోడు. కాబట్టి నింద వచ్చిందంటే మీరు తప్పు చేశారని వెంటనే అనుకోవద్దు. అలాగని తప్పే చెయ్యలేదనీ అనుకోవద్దు. చూసుకోండి.

మన తెలుగునేల మీద దీనికి కళ్ళెదుటి సాక్ష్యం నెల్లూరు జిల్లా. 1991లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. ఊరూరా యువతీయువకులు రాత్రిపూట లాంతర్లు పెట్టుకుని, పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, సారా వల్ల గుల్లయిన ఇంటి కథ. అది చదివిన దూబగుంట ఆడవాళ్ళు పుస్తకం మూసి, ఇది మన కథే కదా అనుకున్నారు. సారా దుకాణం మూయించారు. 1992లో ఆ నిప్పు జిల్లా అంతా పాకింది. కలెక్టరాఫీసుల దగ్గర సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. ఆ రెండోది 1997లోనే సడలిపోయింది, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, ఖజానా కూడా ఒక గామభోజకుడే. మన పాఠానికి కావలసింది ఇది: ఆ వాచకం పట్టుకుని పలకలు దిద్దించిన యువకులు ఎవరూ సారా ఉద్యమం చేద్దామని బయల్దేరలేదు. 'అ ఆ' నేర్పడానికి వెళ్ళారు. ఆడవాళ్ళు రోజూ ఒకచోట కూర్చునే అలవాటు ఏర్పడింది. మిగతాదంతా ఆ కూర్చోవడంలోంచి పుట్టింది.

ఏనుగుల ముందు

రాజు విచారణ చెయ్యలేదు. ముప్పై మందినీ పట్టి తెప్పించి ఏనుగుతో తొక్కించమన్నాడు. పడుకోబెట్టారు. మఘుడు తోటివాళ్ళతో, మన మీద చాడీ చెప్పినవాడి మీద, రాజు మీద, ఏనుగు మీద, మన మీద మనకుండే ప్రేమలాంటిదే సమానంగా ఉంచండి అన్నాడు. ఏనుగు దగ్గరికొచ్చి ఘీంకరించి వెనక్కి పోయింది. ఇంకోదాన్ని తెచ్చారు, అదీ అంతే. ఏనుగు నిజంగా పోయిందా లేదా అని మన యువకులు అడుగుతారు, అడగాలి కూడా. మీకు నమ్మకం లేకపోతే ఏనుగును వదిలెయ్యండి. దాని తర్వాత జరిగింది పట్టుకోండి. రాజుకు అనుమానమొచ్చి, వీళ్ళ దగ్గర ఏదో మందు ఉండి ఉంటుంది, వెతకండి అన్నాడు. వెతికారు. ఏమీ లేదు. అయితే మంత్రం ఉందేమో అడగండి అన్నాడు. ఉందన్నారు. ఏమిటది అంటే, ప్రాణం తియ్యం, ఇవ్వనిది తీసుకోం, అబద్ధమాడం, తాగం, బాటలు వేస్తాం, చెరువులు తవ్వుతాం, ఇదే మా మంత్రం, ఇదే మా పరిత్త అన్నారు.

పరిత్త అంటే మనం భిక్ఖువులు పఠించే సుత్తాలు అనుకుంటాం. ఆ మాటకు అసలు అర్థం రక్షణ. వాళ్ళు తమ పని పట్టికనే రక్షణగా చూపించారు. జేబులు వెతికినప్పుడు ఏమీ దొరకకపోవడం, అడిగినప్పుడు చెప్పడానికి చేసిన పని ఉండడం. పౌర సమాజాన్ని కాపాడే విషయంలో ఇంతకన్నా సూటి మాట నేనెక్కడా చదవలేదు. శీలం అంటే మనం వ్యక్తిగత విషయంగా చూస్తాం. సంఘానికి కూడా శీలం ఉంటుంది. ఇవ్వనిది తీసుకోకపోవడం అంటే సంఘం విషయంలో చందా దేనికిచ్చారో దానికే ఖర్చు పెట్టడం. అబద్ధమాడకపోవడం అంటే నలభై మంది వస్తే నాలుగొందల మంది వచ్చారని రాయకపోవడం. మద్యం ముట్టకపోవడం అంటే జయంతి ఊరేగింపు అయ్యాక డబ్బుల్లో మిగిలింది ఎటు పోతోందో చూసుకోవడం. నేను ఎవర్నీ ఎత్తిపొడవడం లేదు, మీకు తెలిసిందే చెప్తున్నాను.

కాకపోతే, రాజు విచారణ చెయ్యకుండా శిక్ష వేశాడన్న సంగతి మర్చిపోవద్దు. ఏనుగు వెనక్కి పోకపోతే ఆ ముప్పై మంది శీలవంతులుగానే చచ్చిపోయేవాళ్ళు. అందుకే ఏనుగు దయ మీద ఆధారపడని ఏర్పాటు కావాలి. బాబాసాహెబ్ అధ్యక్షుడిగా ముసాయిదా కమిటీ రాసిన రాజ్యాంగంలో 19(1)(సి) అధికరణ మనకు సంఘాలు పెట్టుకునే హక్కునిచ్చింది. శాంతిభద్రతల వంటి కారణాలతో సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చు గానీ, ఊరిపెద్ద చాడీ మీద సంఘాన్ని తొక్కించడం కుదరదు. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం బదులు ఆంధ్రప్రదేశ్‌కు 2001లో సొంత చట్టం వచ్చింది. విభజన తర్వాత తెలంగాణ కూడా దాన్నే కొనసాగించుకుంది. కనీసం ఏడుగురు సభ్యులుంటే రిజిస్టర్ చేసుకోవచ్చు. నియమావళి రాసుకోవాలి, ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు పంపాలి. చాలా సంఘాలు రిజిస్ట్రేషన్ కాగితాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తాయి, ఏటా పంపాల్సిన జాబితా మాత్రం పంపవు. తీరా గొడవొచ్చిన రోజున ఆ ఖాళీనే ఎదుటివాడికి ఆయుధం. రిజిస్ట్రేషన్ లేకపోయినా కలిసి పనిచేసే హక్కు పోదు. కాకపోతే నలుగురి డబ్బు చేతిలోకి వస్తోందంటే కాగితం ఉండడమే మంచిది.

సుధమ్మ దూలం

ఈ కథలో చాలామంది వదిలేసే భాగం ఒకటుంది. రాజు ఊరిని ఆ ముప్పై మందికే ఇచ్చాక, వాళ్ళు నాలుగు బాటల కూడలిలో పెద్ద సత్రం కట్టాలనుకున్నారు. కడుతూ కడుతూ ఒక తీర్మానం చేసుకున్నారు: ఈ పుణ్యంలో ఆడవాళ్ళకు వాటా లేదు. ప్రాణం తియ్యని, అబద్ధమాడని, చెరువులు తవ్విన మన మంచి యువకులే ఆ తీర్మానం చేశారు! మఘుడి ఇంట్లో సుధమ్మ అనే ఆమె ఉంది. ఆమె వడ్రంగిని మంచి చేసుకుని, సత్రం కప్పు నిలబడ్డానికి నడిమధ్యన కావలసిన శిఖరపు దూలం ముందే చేయించి, ఎండబెట్టి, ఇంట్లో దాచిపెట్టింది. కప్పు వేసే వేళకు, అయ్యో శిఖరం మర్చిపోయాం అన్నాడు వడ్రంగి. పచ్చి కర్ర పనికిరాదు, ఎండిన కర్ర కావాలి. వెతుక్కుంటూ వచ్చి చివరికి సుధమ్మ దగ్గర చూశారు. వెల ఎంత అన్నారు. వెలకివ్వను, పనిలో వాటా ఇస్తే ఇస్తానంది. కుదరదన్నారు. అప్పుడు వడ్రంగే, ఆడవాళ్ళు లేని చోటు ఈ లోకంలో ఎక్కడుంది, తీసుకోండయ్యా అని సర్దిచెప్పాడు. తీసుకున్నారు. కప్పు నిలబడింది.

మీ సంఘంలో అమ్మాయిలెంతమంది? జయంతి రోజున ముగ్గు వెయ్యడానికీ, అన్నం వడ్డించడానికీ వస్తారు. సమావేశానికి వస్తారా? కార్యవర్గంలో ఉన్నారా, లేకపోతే మహిళా కోటాలో ఒక పేరు రాసుకుని సంతకం వాళ్ళన్నయ్యతో పెట్టిస్తున్నారా? రాత్రి ఎనిమిదింటికి సమావేశం పెడితే ఏ తల్లి కూతుర్ని పంపిస్తుంది? ఆదివారం పొద్దున పది గంటలకు పెట్టి చూడండి. వేళ మార్చడమంత చిన్న పని చెయ్యకుండా, మా దగ్గరకు అమ్మాయిలు రారండీ అనడం మచల తీర్మానం లాంటిదే.

ఏం కూర తిన్నావు?

ఇక రెండో కథ. బుద్ధుడు రాజగృహంలో గృధ్రకూటం మీద ఉన్నాడు. అజాతశత్రు రాజుకు గంగ అవతలి వజ్జుల మీద దండెత్తాలని ఉంది. వజ్జులకు రాజు లేడు, గణసభ ఉంది. వాళ్ళ ముఖ్య నగరం వైశాలి. రాజు తన మంత్రి వస్సకారుణ్ణి బుద్ధుడి దగ్గరికి పంపి, ఏమంటాడో కనుక్కు రమ్మన్నాడు. బుద్ధుడు మంత్రికి నేరుగా బదులివ్వలేదు. వెనక నిలబడి విసురుతున్న ఆనందుడి వైపు తిరిగి ఏడు ప్రశ్నలడిగాడు. వజ్జులు తరచుగా కూడుతున్నారా? కలిసి కూర్చుని, కలిసి లేచి, కలిసి పని చేస్తున్నారా? పెట్టుకున్న కట్టుబాట్లను ఇష్టమొచ్చినట్టు మార్చకుండా ఉన్నారా? పెద్దల మాట వింటున్నారా? ఆడపిల్లల్ని, స్త్రీలను బలవంతంగా ఎత్తుకుపోవడం లేదు కదా? చైత్యాలను గౌరవిస్తున్నారా? అర్హతులకు రక్షణ ఉందా? అన్నిటికీ ఆనందుడు అవునన్నాడు. అలాగైతే వాళ్ళకు వృద్ధే గానీ క్షీణత లేదన్నాడు బుద్ధుడు. తెలివైన మంత్రికి అర్థమైంది. యుద్ధంతో పని కాదు, విడగొట్టాలి.

ఎలా విడగొట్టాడో అట్ఠకథ చెప్తుంది. రాజుతో నాటకమాడి, వజ్జుల పక్షం మాట్లాడినందుకు దేశం నుంచి వెళ్ళగొట్టినట్టు నటించి వస్సకారుడు వైశాలి చేరాడు. అతన్ని రానివ్వొద్దని కొందరన్నారు. పాపం మనకోసమే కదా అని మిగతావాళ్ళు ఉద్యోగమిచ్చారు. అక్కడ అతను చేసిందల్లా ఒక్కటే. నలుగురున్న చోట ఒక లిచ్ఛవిని పక్కకు తీసుకెళ్ళి చెవిలో అడిగేవాడు: పిల్లలు పొలం దున్నుతున్నారా? ఆఁ, దున్నుతున్నారు. అంతే. ఇంకొకణ్ణి పక్కకు పిలిచి: ఇవాళ ఏం కూర తిన్నావు? అంతే. తిరిగొచ్చాక మిగతావాళ్ళు అడిగేవాళ్ళు, ఏమన్నాడు నీతో? పొలం దున్నుతున్నారా అన్నాడు. నమ్ముతారా? చెవిలో చెప్పాల్సిన మాటా అది! ఏదో దాస్తున్నాడు అనుకునేవాళ్ళు. కొన్నాళ్ళయ్యాక, నువ్వు పిరికివాడివని ఫలానావాడు అంటున్నాడు, నిజమా అని మొదలుపెట్టాడు. మూడేళ్ళు పట్టింది. చివరికి ఇద్దరు లిచ్ఛవులు ఒకే దారిన నడవని స్థితి వచ్చింది. అప్పుడు సభకు రమ్మని భేరి మోగించి చూశాడు. ఒక్కడూ రాలేదు. ఆ కబురు అజాతశత్రుకు పంపాడు. సైన్యం వచ్చేసరికి కోట తలుపులు తెరిచే ఉన్నాయి.

వాట్సాప్ గ్రూపులో 'పర్సనల్‌గా మాట్లాడదాం' అని ఎవరైనా పెడితే నాకు వస్సకారుడే గుర్తొస్తాడు.

నా అనుభవం ఒకటి చెప్పాలి, తప్పు నాదే కాబట్టి చెప్పొచ్చు. చాలా ఏళ్ళ కిందట మా ఊరి పేటలో పద్నాలుగు మందిమి ఒక సంఘం పెట్టుకున్నాం. మంచినీళ్ళ ట్యాంకు కడిగేవాళ్ళం, కమ్యూనిటీ హాల్లో సాయంత్రం పిల్లలకు చదువు చెప్పేవాళ్ళం. నేను కోశాధికారిని. లెక్కలు సిగరెట్టు పెట్టె అట్టల మీదా, బస్సు టికెట్ల వెనకా రాసి జేబులో పెట్టుకునేవాణ్ణి. ఒకసారి కాలవ తెగి పేటలోకి నీళ్ళొస్తే బియ్యం పోగుచేసి పంచాం. నెల తిరక్కముందే, ఆరు బస్తాలు తేడా ఉన్నాయంట అని గుసగుస. ఎవరూ నా మొహాన అడగలేదు. నేనూ సమావేశం పిలవలేదు. నన్నే అనుమానిస్తారా అని పంతం. ఆ ఆరు బస్తాలూ పక్క తండాకు పంపించాం, పంపినట్టు నలుగురికి తెలుసు, కాగితం మీద మాత్రం లేదు. ఈలోగా ఒక నాయకుడు మాలో సగం మందికి తన బొమ్మ వేసిన టీషర్టులూ, క్రికెట్ కిట్టూ ఇచ్చాడు. రెండు గుంపులయ్యాం. సంక్రాంతి నాటికి హాలుకు తాళం పడింది. సాయంత్రం చదువుకొచ్చే పిల్లలు కొన్నాళ్ళు ఆ మెట్ల మీద కూర్చుని వెళ్ళిపోయేవాళ్ళు. నాకు ఇప్పటికీ ఆ మెట్లే కనపడతాయి.

మా పెద్దమ్మ అప్పుడే ఒక మాటంది. "లెక్క చెప్పమంటే కోపమెందుకురా నీకు? నేను రోజూ అన్నం తిన్నావా అని అడుగుతా, కోప్పడతావా?" నేను అప్పుడు వినిపించుకోలేదు. అడగడం అనుమానం కాదు, అడగనివ్వకపోవడం వల్లే అనుమానం పుడుతుంది అని నాకు బుర్రకెక్కడానికి పదేళ్ళు పట్టింది.

కూర్చునే పద్ధతి

వస్సకారుడికి మందు ఆ ఏడింటిలో మొదటి రెండు ప్రశ్నల్లోనే ఉంది. తరచుగా కూడడం, కలిసి కూర్చుని కలిసి లేవడం. దీన్ని భగవానుడు నీతిగా చెప్పి వదిలెయ్యలేదు. వినయంలో పద్ధతిగా పెట్టాడు. సంఘం ఏ పని చెయ్యాలన్నా ముందు ప్రతిపాదన చదవాలి. పెద్ద విషయమైతే మూడుసార్లు ప్రకటించాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు అప్పుడే మాట్లాడాలి. ఒక్కో పనికి కనీసం ఇంతమంది ఉండాలని లెక్క ఉంది. జబ్బు చేసి రాలేని భిక్ఖువు తన సమ్మతిని ఇంకొకరి ద్వారా పంపాలి. అభిప్రాయాలు చీలితే శలాకలు, అంటే చిన్న పుల్లలు, పంచి లెక్కపెట్టేవాళ్ళు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఇదే గుర్తుచేశాడు. పార్లమెంటు పద్ధతులు మనకు కొత్త కావు, బౌద్ధ సంఘాల్లో ప్రతిపాదనలు, తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు అన్నీ ఉండేవని చెప్పాడు. మన ఊరి యువజన సంఘం ఎజెండా చదివి, తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు పెట్టుకుంటే, అది సర్కారీ తంతు అనుకోవద్దు.

ఇంత పెద్ద మాటల్ని చిన్న సంఘంలో ఎలా పెట్టాలి? నాకు తెలిసినంతలో చెప్తాను. నెలకు రెండుసార్లు కూడండి, పని ఉన్నా లేకపోయినా. పని లేని రోజు కూడడమే కష్టం, అదే సంఘాన్ని నిలబెడుతుంది. అందరూ వచ్చేదాకా మొదలుపెట్టొద్దు అని నియమం పెట్టుకోకండి, ఒక్కడు చాలు దాన్ని ఆపడానికి. కోరం ఎంతో ముందే రాసుకోండి. ఇద్దరి మధ్య వచ్చిన మాట ఆ వారంలోనే సమావేశంలోకి రావాలి, ఫోన్లో నలగకూడదు. కోశాధికారి ఏడాదికొకసారి మారాలి. ఎంత నిజాయితీపరుడైనా సరే, ఎంత నిజాయితీపరుడైతే అంత తప్పనిసరిగా మారాలి, లేకపోతే ఆ నిజాయితీ సంఘానిది కాకుండా అతనిది అయిపోతుంది. దాతల విషయానికొస్తే, ఎవరిచ్చినా తీసుకోండి, రసీదు ఇవ్వండి. బొమ్మ వెయ్యమంటే మాత్రం మర్యాదగా వద్దనండి. అన్నా, మీ పేరు మా పుస్తకంలో ఉంటుంది, మా వీపు మీద ఉండదు అని చెప్పండి. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

కొత్తగా వచ్చేవాళ్ళ సంగతి ఒకటి మిగిలింది. మనం కొత్త కుర్రాడు రాగానే ఉపన్యాసం ఇస్తాం. మొదటిరోజు పని ఇవ్వండి. గంటలో అయిపోయి, అయిందని కంటికి కనపడే పని. బోరింగు చుట్టూ బురద తియ్యడం, ముసలాయనకు పింఛను కాగితం రాసిపెట్టడం. విరేచనాలతో మంచం పట్టి, ఎవరూ పట్టించుకోని ఒక భిక్ఖువును బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగి పడుకోబెట్టిన ఘట్టం వినయంలో ఉంది. ముందు నీళ్ళు తెప్పించాడు, కడిగాడు, శుభ్రమైన మంచం మీదికి మార్చాడు. తర్వాతే భిక్ఖువుల్ని పిలిచి మాట్లాడాడు. ఆ వరస గుర్తుంచుకోండి.

మండలిలో చర్చకు

ఈ పాఠాన్ని ఒక్కరే చదివి పక్కన పెట్టకండి. ఒకరు పైకి చదవండి, మిగతావాళ్ళు మధ్యలో ఆపి ప్రశ్నలెయ్యండి. మీ ఊళ్ళో యువకులు ఇప్పుడు చేస్తున్న పని ఏదైనా ఎవరి ఆదాయానికి అడ్డం పడుతోంది? అతను రేపు పోలీస్ స్టేషనుకో, ఎమ్మార్వో ఆఫీసుకో వెళ్ళి చెప్పగలిగే 'గొడ్డళ్ళు' మీ దగ్గర ఏమున్నాయి? సుధమ్మకు మీ కార్యవర్గంలో చోటుందా? సంఘంలోంచి వెళ్ళిపోయినవాళ్ళు ఎవరు, ఆఖరిసారి వాళ్ళింటికి ఎవరెళ్ళారు? ఈ చివరి ప్రశ్నకు జవాబు పేరుతో చెప్పండి, వీలైతే ఆ సాయంత్రమే వెళ్ళండి.

చర్చ అయ్యాక కోశాధికారి ఆ నెల జమాఖర్చు పైకి చదవాలి. టీ ఆ తర్వాతే ఇవ్వండి.